చొక్కా మాటున పిస్తోలు: షరీఅత్ ఏమంటుంది?

చర్ల ప్రాంతం నుండి ఒక వ్యాపారి సోదరుడు పంపిన ప్రశ్న ఇది. ఆయన సరిహద్దు సంతలలో మిర్చి, చింతపండు, ఇప్పపువ్వు కొనుగోలు చేస్తారు. చేతిలో రొక్కం ఉంటుంది. తిరిగి వచ్చేసరికి ఒక్కోసారి చీకటి పడుతుంది. దారంతా అడవి. ఆయన మేనల్లుడు అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. బయటికి వెళ్ళినప్పుడల్లా అతను చొక్కా కింద పిస్తోలు పెట్టుకుంటాడట. “మామూ, మీరూ ఒకటి తీసుకోండి” అని ఫోనులో పదే పదే చెబుతున్నాడట. మస్జిదులో ఒక మిత్రుడైతే “ఆయుధం ధరించడం సున్నతే కదా, ఇంకా సందేహమెందుకు?” అన్నాడట. “లైసెన్సు సంపాదించి, ఎవరికీ కనబడకుండా నడుముకు పిస్తోలు పెట్టుకుని సంతకు వెళితే అల్లాహ్ దగ్గర నేను దోషినవుతానా?” అని ఆ సోదరుడు అడుగుతున్నారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. వడ్డీ వ్యాపారుల బెదిరింపులు ఎదుర్కొంటున్నవారు, భూతగాదాల్లో ఉన్నవారు, రాత్రివేళ దుకాణం కట్టేసి ఒంటరిగా ఇంటికి చేరేవారు, విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు – వీరందరి మనసులోనూ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న ఉంది. కనుక కాస్త వివరంగానే పరిశీలిద్దాం.

ఆత్మరక్షణ హక్కు

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. దౌర్జన్యానికి తల వంచి ఊరుకోమని ఇస్లాం చెప్పదు. తన ధనాన్ని కాపాడుకుంటూ హతుడైనవాడు షహీద్ అని దైవప్రవక్త (సఅసం) ప్రవచించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది. హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖనంలో ధనంతోపాటు ధర్మం, ప్రాణం, కుటుంబం కూడా చేరాయి. కనుక మన సోదరుడి భయం పిరికితనం కాదు. ధనాన్నీ ప్రాణాన్నీ కాపాడుకోవాలన్న ఆయన కోరికలోనూ తప్పు లేదు.

అయితే ఈ హదీసులు తెలిసినవారిలో చాలామందికి నసాయీ గ్రంథంలోని మరో ఉల్లేఖనం తెలియదు. ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, ఎవడైనా నా సొమ్ము దోచుకోవడానికి వస్తే ఏం చేయాలని అడిగాడు. అల్లాహ్‌ను గుర్తుచేసి అతణ్ణి వారించమన్నారు. అతను వినకపోతే? చుట్టుపక్కల ఉన్న ముస్లింల సాయం కోరమన్నారు. దగ్గరలో ఎవరూ లేకపోతే? పాలకుని సాయం కోరమన్నారు. పాలకుడు దూరంగా ఉంటే? అప్పుడు నీ సొమ్ము కోసం పోరాడు అన్నారు.

ఈ వరుసను గమనించండి. మొదటి మెట్టు మాట, రెండోది ఇరుగుపొరుగు, మూడోది ప్రభుత్వం. ఆయుధం వచ్చేది నాలుగో మెట్టు మీద. మనలో కొందరు మొదటి మూడు మెట్లు దాటేసి నేరుగా నాలుగోదానిపైన నిలబడతారు, దానికి హదీసును ఆధారంగా చూపుతారు. విచిత్రమేమిటంటే మన దేశ చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. ఒకప్పుడు భారత శిక్షాస్మృతిలో, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో ఆత్మరక్షణ హక్కు ఉంది. కాని ప్రభుత్వ అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదు. రక్షణకు అవసరమైనదానికి మించి హాని చేసే హక్కూ లేదు.

బజారులో బాణపు ములుకు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దాడి జరిగినప్పుడు పోరాడడం వేరు. దాడి జరుగుతుందేమోనని రోజూ జనం మధ్యకు ఆయుధం తీసుకువెళ్ళడం వేరు. ఈ రెండో విషయంలో షరీఅత్ మౌనంగా ఉందని కొందరు అనుకుంటారు. కాని బజారులో ఆయుధం గురించి దైవప్రవక్త (సఅసం) ప్రత్యేకంగా ఉపదేశించారు.

హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖనం బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది. ఎవరైనా బాణాలతో మా మస్జిదు గుండా గాని, మా బజారు గుండా గాని వెళ్ళవలసి వస్తే వాటి ములుకులను చేత్తో పట్టుకోవాలని, ఏ ముస్లింకూ వాటివల్ల ఏమీ తగలరాదని ఆయన (సఅసం) ఆదేశించారు. మరో సందర్భంలో ఒక వ్యక్తి మస్జిదులోంచి బాణాలు తీసుకువెళుతుంటే అక్కడికక్కడే ఆపి ములుకులు పట్టుకోమన్నారు. దీన్ని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ఒర నుండి తీసిన కత్తిని ఒకరి చేతినుండి మరొకరు అందుకోవడాన్ని కూడా ఆయన (సఅసం) వారించారని అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది.

అది ఎలాంటి కాలమో ఆలోచించండి. మదీనా చుట్టూ శత్రువులు. ప్రతి మగవాడూ యోధుడే. ఆయుధం లేని ఇల్లు లేదు. అలాంటి సమాజంలో కూడా మస్జిదులోకి, బజారులోకి రాగానే నియమం మారిపోయింది. అక్కడ ముందుగా చూడవలసింది ఆయుధం గలవాడి సౌకర్యాన్ని కాదు, పక్కన నడిచే మనిషి క్షేమాన్ని. ములుకు తగలకుండా జనం తప్పుకోవాలని ఆయన (సఅసం) చెప్పలేదు. పట్టుకున్నవాడే పట్టుకోవాలని చెప్పారు. గీతకు కూడా బాధ్యత మోసేవాడిదే.

బాణపు ములుకును పిడికిట్లో పట్టుకోవచ్చు. మరి పిస్తోలు సంగతి? తూటా గోడకు తగిలి ఎటైనా మళ్ళుతుంది. గురి పెట్టినవాడి ఒంట్లోంచి దూసుకుపోయి అతని వెనకున్నవాడికీ తగులుతుంది. సంత రోజున ఒక వరుసలో కూరగాయలు, ఎదురు వరుసలో ఎండుచేపలు, మధ్యలో చంకన బిడ్డలతో కోయ స్త్రీలు. అక్కడ పేలిన తూటాకు ములుకు పట్టే చెయ్యి ఎక్కడ నుండి వస్తుంది? నిజానికి ఈ హదీసు వర్తించే తీవ్రత నేటి తుపాకీ విషయంలో అనేక రెట్లు పెరిగింది.

దీనికి మరో కోణం కూడా ఉంది. అది భయం. సహాబాలు ప్రయాణంలో ఉండగా ఒకరు నిద్రపోయారు. మరొకరు సరదాకు ఆయన వస్తువును తీసేసుకున్నారు. ఆయన ఉలిక్కిపడి లేచారు. ఒక ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) అప్పుడు చెప్పారని అబూ దావూద్‌లో ఉంది. నిద్రలో ఉన్నవాణ్ణి ఉలిక్కిపడేలా చేయడమే తగదంటే, బేరం దగ్గర మాట పెరిగినప్పుడు చొక్కా అంచు కాస్త పైకెత్తి నడుము చూపించడం ఎంత ఘోరం! ఆ పని చేసేవారు దాన్ని బెదిరింపు అనరు, “ఊరికే చూపించాను” అంటారు. తన సోదరుని వైపు ఆయుధం గురిపెట్టవద్దని, తెలియకుండానే షైతాను చేతిని లాగవచ్చని, దానితో నరకపు గోతిలో పడవచ్చని హెచ్చరిక ఉంది. ఒకే తల్లిదండ్రుల బిడ్డ అయినా సరే, అతని వైపు ఇనుము చూపినవాణ్ణి దైవదూతలు శపిస్తారని ముస్లిం గ్రంథంలో ఉంది.

మాటలో మాటగా తల్లులకు ఒక మనవి. పండుగ రోజు ఈదీ డబ్బులతో పిల్లలు కొనేది ఏమిటో చూడండి. ప్రతి వీధిలోనూ ప్లాస్టిక్ పిస్తోళ్ళే. తమ్ముడి నుదుటికి గురిపెట్టి “ఢాం” అంటాడు, మనం నవ్వుతాం. అది బొమ్మే, నేరం కాదు. అయినా మనిషి ముఖం వైపు గురిపెట్టడంలో సరదా ఉందని మనమే ఆ రోజు నేర్పుతున్నాం.

ఒరలోని కత్తి, బట్టల్లోని బాకు

ఆయుధాన్ని దాచి ఉంచడమే హరామ్ అని దీని అర్థమా? అలా అనలేం. హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒడంబడిక జరిగినప్పుడు, మరుసటి ఏడు ముస్లింలు మక్కాలోకి రావాలంటే కత్తులు ఒరలలోనే ఉండాలని షరతు పెట్టారు. మరుసటి ఏడు ఉమ్రాకు వచ్చినప్పుడు ఆ షరతును అక్షరాలా పాటించారు. మిగతా ఆయుధాలను మక్కా వెలుపలే ఉంచి, కాపలా పెట్టి వచ్చారు. ఆయుధం కప్పి ఉండడం అక్కడ శాంతికి గుర్తు. ఒరలో కత్తి ఉందని ఎదుటి పక్షానికి తెలుసు, దాన్ని దూయరని ఒప్పందం ఉంది.

దీనికి పూర్తి భిన్నమైనది బట్టల్లో దాచిన బాకు. హిజ్రీ 23లో ఫజ్ర్ నమాజు వేళ మస్జిదె నబవీలో హజ్రత్ ఉమర్ (రజి)పై అబూ లూలూ దాడి చేసింది అలాంటి ఆయుధంతోనే. రెండు వైపులా పదునున్న బాకు అది. పారిపోతూ దారిలో ఉన్నవారినీ పొడిచాడు. 13 మంది గాయపడ్డారని, వారిలో ఏడుగురు చనిపోయారని బుఖారీ ఉల్లేఖనం. ఖలీఫా కోసం తెచ్చిన బాకు ఏ సంబంధమూ లేని నమాజీలను ఎలా బలి తీసుకుందో చూడండి. ఏమరుపాటున ఉన్నవాణ్ణి మాటువేసి చంపడాన్ని ఈమాన్ అడ్డుకుంటుందని, విశ్వాసి ఆ పని చేయడని అబూ దావూద్‌లోని హదీసు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక సంఘటన ఇంకా సూటిగా వర్తిస్తుంది. హజ్ సమయంలో మినాలో జనం రద్దీ మధ్య ఒక ఈటె మొన ఆయన అరికాలిలో దిగబడింది. పాలకుడు హజ్జాజ్ పరామర్శకు వచ్చి, మిమ్మల్ని గాయపరచినవాడెవరో తెలిస్తే బాగుండునన్నాడు. నువ్వే అని ఆయన ముఖం మీదే చెప్పారు. ఎలా అని హజ్జాజ్ అడిగాడు. ఆయుధాలు ధరించని రోజున ఆయుధాలు తెప్పించావు, ఆయుధాలు రాకూడని హరమ్‌లోకి వాటిని రానిచ్చావు అన్నారు. ఈటె ఎవరి చేతిలో ఉందో ఇబ్ను ఉమర్ (రజి) వెతకలేదు. జనం గుమిగూడే చోటికి ఆయుధాలను రానిచ్చినవాణ్ణే బాధ్యుణ్ణి చేశారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) దీన్ని పండుగల అధ్యాయంలో చేర్చారు. శత్రు భయం ఉంటే తప్ప పండుగనాడు ఆయుధాలు ధరించడం వారించబడిందన్న హసన్ బస్రీ (రహ్మ) మాటను కూడా అక్కడే పేర్కొన్నారు.

“శత్రు భయం ఉంటే తప్ప” అన్న మినహాయింపును మనం వదిలేయకూడదు. అన్నిసా సూరా 102వ వాక్యం యుద్ధరంగంలో నమాజు చేసేటప్పుడు ఆయుధాలు దగ్గర ఉంచుకోమంటుంది. కనుక నిజమైన ముప్పు ఉన్నచోట ఆదేశం వేరు. కాని మిత్రులు కొందరు ఇదే వాక్యాన్ని, అల్ అన్ఫాల్ సూరాలోని బలం సమకూర్చుకోమన్న 60వ వాక్యాన్ని తెచ్చి ప్రతి ఒక్కరి నడుముకూ అతికిస్తారు. ఆ వాక్యాలు శత్రుసేన ఎదుట నిలిచిన సమాజాన్ని ఉద్దేశించినవి. మిర్చి బేరానికి వెళ్ళే అబ్దుల్ మజీద్‌నో, అహ్మద్ అలీనో ఉద్దేశించినవి కావు. ఆయుధం ధరించడం సున్నత్ అన్నవారికి నా సమాధానం ఇదే. బజారులో సున్నత్ ములుకు పట్టుకోవడం.

సరిహద్దులో నేర్చుకున్న పాఠం

దాచిన ఆయుధం సంతను ఏం చేస్తుందో చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం ప్రజలకు ఎవరూ చెప్పనక్కరలేదు. సరిహద్దుకు అవతల సుక్మా, బీజాపూర్ జిల్లాల వారపు సంతల్లో మావోయిస్టు యాక్షన్ టీములు మామూలు దుస్తుల్లో జనంలో కలిసిపోయి పోలీసుల మీద, ఇన్‌ఫార్మర్లని అనుమానించినవారి మీద దాడులు చేసిన సంఘటనలు ఏళ్ళ తరబడి జరిగాయి. పక్కన నిలబడి ఉప్పు బేరమాడుతున్నవాడి లుంగీలో ఏముందో తెలియని స్థితి అది. అటువైపు మఫ్టీలో పోలీసులూ ఉంటారు. సామాన్యుడు ఎవరిని చూసినా అనుమానించాలి, అతణ్ణి చూసి ఇద్దరూ అనుమానిస్తారు. ఇలాంటి చోట మూడో రకం తుపాకీ, అంటే వ్యాపారి పిస్తోలు కూడా చేరితే ఆ వ్యాపారి క్షేమం పెరుగుతుందా? తనిఖీలో ఆగినప్పుడు నడుము దగ్గరికి చెయ్యి పోయిందంటే ఎదుటివాడు లైసెన్సు చూపమని అడిగేదాకా ఆగుతాడా?

ప్రజలకు ఆయుధాలిస్తే రక్షణ కలుగుతుందన్న వాదనను ఈ సరిహద్దులోనే ప్రయత్నించి చూశారు. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి తుపాకులిచ్చారు. ఐదో తరగతి చదివితే చాలు, నెలకు గౌరవ వేతనం రూ.3,000. ఊళ్ళు రెండుగా చీలిపోయాయి. ఎవరివైపు ఉన్నా ప్రమాదమే. వేలాదిమంది ఇళ్ళు వదిలి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చిపడ్డారు. నేడు చర్ల మిర్చి తోటల్లో కాయ కోసే గొత్తికోయల్లో ఎందరో అలా వచ్చినవారే.

2011 జూలై 5న సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఇచ్చిన తుపాకులన్నిటినీ వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. అటు, తుపాకీయే మార్గమని నమ్మి అడవికి వెళ్ళినవారు కూడా దాన్ని దించుతున్నారు. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు 153 ఆయుధాలు అప్పగించి లొంగిపోయారు. రెండు వైపులా తుపాకులు తగ్గుతున్న వేళ మన చొక్కా కిందికి కొత్తది తెచ్చుకోవడం గురించి ఆ సోదరుడు ఒకసారి ఆలోచించాలి.

ఆదిలాబాద్ క్రికెట్ గొడవ

“అవన్నీ దొంగ తుపాకులు. నాది లైసెన్సు ఉన్నది, నేను చదువుకున్నవాణ్ణి, నమాజీని” అని ఎవరైనా అనవచ్చు. ఇందుకు సమాధానం చెప్పడం కొంచెం బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇది మన ఇళ్ళ సంగతి.

2020 డిసెంబరు 18న ఆదిలాబాద్ పట్టణంలోని తాటిగూడలో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మాటామాటా పెరిగింది. పెద్దలు కలుగజేసుకున్నారు. ఒక రాజకీయ పార్టీ జిల్లా నాయకుడు ఒక చేత్తో కత్తి, మరో చేత్తో తన లైసెన్సు రివాల్వర్ పట్టుకుని వీధిలోకి వచ్చి కాల్పులు జరిపాడు. ముగ్గురు గాయపడ్డారు. వారిలో ఒకరు కొన్ని రోజుల తర్వాత హైదరాబాదులో చికిత్స పొందుతూ మరణించారు. కాల్చినవాడూ, చనిపోయినవాడూ ముస్లింలే. 2022 జనవరిలో న్యాయస్థానం నిందితుడికి యావజ్జీవ శిక్ష విధించింది. పిల్లలాట దగ్గర మొదలైన గొడవ ఒక ఇంట్లో జనాజాగా, మరో ఇంట్లో జైలుగా ముగిసింది.

ఆ తుపాకీకి లైసెన్సు ఇచ్చేటప్పుడు ప్రాణరక్షణ కోసమనే ఇచ్చి ఉంటారు. చివరికి అది ఎవరి ప్రాణాన్ని రక్షించింది? ఆ సాయంత్రం అది ఇంట్లో అందుబాటులో లేకపోతే చేతులతో కలబడేవారు, రెండు దెబ్బలు తగిలేవి, మరునాడు మొహల్లా పెద్దలు కూర్చోబెట్టి సర్దిచెప్పేవారు. కోపం అందరికీ వస్తుంది. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. అంటే చెయ్యి లేవడానికీ, దిగడానికీ మధ్య కాస్త దూరం పెంచమన్నమాట. నడుముకున్న పిస్తోలు ఆ దూరాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. కుస్తీలో గెలిచినవాడు బలవంతుడు కాదు, కోపంలో తనను తాను అదుపు చేసుకున్నవాడే బలవంతుడన్న హదీసు మన గోడల మీద క్యాలెండర్లలో కూడా ఉంది.

ఇద్దరు ముస్లింలు కత్తులతో తలపడితే చంపినవాడూ చచ్చినవాడూ ఇద్దరూ నరకానికే అని విన్నప్పుడు, చచ్చినవాడెందుకని సహచరులు అడిగారు. అతనూ తన సహచరుణ్ణి చంపాలనే కదా ఆరాటపడ్డాడు అని జవాబు వచ్చింది (బుఖారీ, ముస్లిం). హజ్రత్ అబూ బక్రా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసును గొడవల్లో తుపాకీ వెతికే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి.

ఇక ఆయుధం ఉంటే చాలు క్షేమమే అన్న నమ్మకం గురించి. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర పరిటాల రవి హత్య జరిగినప్పుడు ఆయనకు గన్‌మెన్ ఉన్నారు. 2011 జనవరిలో హైదరాబాదులో మద్దెలచెరువు సూరిని కారులోనే కాల్చింది నీడలా వెంట తిరిగిన అనుచరుడే. తుపాకుల మధ్య బతికినవారి చరిత్రే ఇలా ఉంది.

టెక్సాస్ మేనల్లుడి మాట

అమెరికాలో ఈ విషయం మీద పెద్ద వాదమే నడుస్తోంది. 2022 జూన్ 23న ఆ దేశ సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో ఇంటి బయట కూడా పిస్తోలు వెంట ఉంచుకోవడం పౌరుల రాజ్యాంగ హక్కు అని తీర్పిచ్చింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుండి చట్టబద్ధంగా తుపాకీ కలిగి ఉండదగిన వయోజనులు అనుమతి పత్రం లేకుండానే దాన్ని వెంట తీసుకువెళ్ళవచ్చు. అందరి దగ్గరా తుపాకీ ఉంటే నేరస్తుడు జంకుతాడని ఒక పక్షం. అందరి దగ్గరా ఉన్నందువల్లే చిన్న తగాదా చావుగా మారుతోందని రెండో పక్షం. మొదటి పక్షం మాటలో కొంత నిజం లేకపోలేదు. పోలీసు వచ్చేసరికి అరగంట పట్టే చోట నివసించేవారి భయాన్ని మనం ఎగతాళి చేయలేం. ఇదే చర్ల సోదరుడి భయం కూడా.

కాని మన ఊళ్ళ నుండి అక్కడికి వెళ్ళిన పిల్లల మృతదేహాలు ఎన్నిసార్లు శంషాబాద్ విమానాశ్రయంలో దిగాయో చూస్తూనే ఉన్నాం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజినీరును ఒక బారులో కాల్చి చంపారు. అక్కడ దూషించి, బయటికి గెంటించుకున్నవాడు తుపాకీతో తిరిగి వచ్చాడు. 2024 నవంబరులో ఇద్దరు తెలుగు విద్యార్థులు మరణించారు. షికాగో దగ్గర పెట్రోలు బంకులో పని చేస్తున్న ఒకరిని దుండగులు కాల్చారు. అట్లాంటాలో మరొకరు తాను కొనుక్కున్న తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి, తన పుట్టినరోజునాడే చనిపోయారు. ఆ రెండో మరణంలో దొంగ లేడు, శత్రువు లేడు, దానిని కొన్నవాడు మాత్రమే ఉన్నాడు.

మేనల్లుడికి చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. అతను విద్యార్థి వీసా మీదనో, హెచ్-1బి మీదనో ఉంటే, కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండడాన్నే అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు అలాంటి మినహాయింపుల్లో ఒకటి. రాష్ట్రం అనుమతించింది కదా అని తిరిగితే జైలు, ఆపై దేశ బహిష్కరణ తప్పకపోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారి సంగతి వేరు. ముందు అతను తన కాగితాలు చూసుకోవాలి.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మస్జిదులలో జుమా నమాజుకు వచ్చిన 51 మందిని ఒక దుండగుడు పొట్టన పెట్టుకున్న తర్వాత, మస్జిదులోకి ఆయుధం తేవచ్చా అని పశ్చిమ దేశాల ముస్లింలు అడగసాగారు. నా అభిప్రాయంలో అన్నిసా 102వ వాక్యంలోని మార్గం ఇక్కడ దారి చూపుతుంది. ఒక బృందం నమాజు చేస్తుంటే మరో బృందం కాపలా. అంటే కమిటీ నియమించిన, పోలీసులకు తెలిసిన, శిక్షణ పొందిన కాపలాదారు ద్వారం దగ్గర ఉంటాడు. సఫ్‌లో పక్కపక్కన నిలబడ్డ ప్రతి ఒక్కరి జేబులోనూ ఎవరికీ తెలియని పిస్తోలు ఉండడం ఆ వాక్యం చెప్పిన ఏర్పాటు కాదు. న్యూజిలాండ్ ప్రభుత్వం మాత్రం నెల తిరగకముందే సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను చాలావరకు నిషేధిస్తూ చట్టం చేసింది.

చట్టం, తీర్పు

మన దేశంలో తుపాకీ హక్కు కాదు, అనుమతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. జిల్లాల్లో కలెక్టరుకు, కమిషనరేట్లలో పోలీసు కమిషనరుకు దరఖాస్తు చేయాలి. పోలీసు విచారణ ఉంటుంది. 2016 నియమాల ప్రకారం సురక్షితంగా వాడే శిక్షణ కూడా పొందాలి. బహిరంగ స్థలంలో తీసుకువెళ్ళాలంటే పిస్తోలు తొడుగులో, పూర్తిగా కప్పి, మనిషి అదుపులో ఉండాలి. బయటికి తీసి ఆడించినా, కాల్చినా లైసెన్సు రద్దవుతుంది. 2019 సవరణతో ఒకరికి మూడు బదులు రెండు తుపాకులే అనుమతిస్తున్నారు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో ఆనందానికి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ప్రమాదం తెచ్చేవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. లైసెన్సు లేని మామూలు పిస్తోలు దొరికితే రెండు నుండి ఐదేళ్ళ జైలు. సంతలో ఎవరో తక్కువ ధరకు ఇస్తానన్న తపంచా కూడా ఇందులోకే వస్తుంది. దాన్ని కొనడం, దాచడం చట్టరీత్యా నేరం, చేసిన ఒప్పందానికి ద్రోహం గనుక షరీఅత్ దృష్టిలోనూ పాపమే. పౌరులుగా మనం ఈ దేశ చట్టాన్ని పాటిస్తామని ఒప్పుకుని జీవిస్తున్నాం. ఒడంబడికలను నెరవేర్చమన్న ఆదేశంతో అల్ మాయిదా సూరా మొదలవుతుంది.

ఇక చర్ల సోదరుడికి జవాబు. మీ ప్రాణానికి ఫలానా వ్యక్తి నుండి, ఫలానా కారణంగా నిజమైన ముప్పు ఉండి, పోలీసులకు ఫిర్యాదు చేసినా తొలగకపోతే, లైసెన్సు తీసుకుని నియమాల ప్రకారం ఆయుధం ఉంచుకోవడం ముబాహ్. దానికి మీరు దోషి కారు. కేవలం రొక్కం భయమే అయితే ఆ మార్గం మీకు తగదు. సంతకు రొక్కం తగ్గించండి. పెద్ద రైతులకు, దళారీలకు బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా చెల్లించండి. ఆ సదుపాయం లేని గిరిజన సోదరులకు ఇచ్చేంతే చేతిలో ఉంచుకోండి. ఒంటరిగా వెళ్ళకండి. ఒంటరి ప్రయాణికుణ్ణి షైతానుతో పోల్చి, ముగ్గురైతే బృందమని చెప్పిన హదీసు తిర్మిజీలోనూ, అబూ దావూద్‌లోనూ ఉంది. మరో ఇద్దరు వ్యాపారులతో కలిసి ఒకే బండి మాట్లాడుకోండి. అస్ర్ దాటకముందే బేరం ముగించండి. నసాయీ హదీసులోని రెండో మెట్టు, ఇరుగుపొరుగు, మీకు అందుబాటులోనే ఉంది. సంతలో మీ పక్కన కూర్చునే కోయ సోదరుడు, దారిలో టీ కొట్టు నడిపే హిందూ మిత్రుడు, వీరితో మంచిగా ఉన్న వ్యాపారికి దారిలో ఏం జరుగుతోందో ముందే కబురు అందుతుంది.

ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా లైసెన్సు ఆయుధం ఉంటే తూటాలు వేరే బీరువాలో, తాళం వేసి ఉంచండి. తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలియనివ్వకండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అధికారులు అడిగితే స్టేషనులో జమ చేయండి. తండ్రి చనిపోతే ఆయన తుపాకీ తర్కాలో భాగమే, దాని విలువను వారసులకు పంచాలి. కాని లైసెన్సు తండ్రి పేరుతోనే ముగిసిపోయింది. అన్నదమ్ములు పంపకం తేలేదాకా దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరగాని అప్పగించి రసీదు తీసుకోవాలి. కొడుకుల్లో ఎవరికైనా నిజంగా అవసరముంటే తన పేరుతో కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. లేకపోతే డీలరు ద్వారా అమ్మి ఆ సొమ్మును వాటాల ప్రకారం పంచుకోవాలి.